గనికి రక్షణ దీపం ఇచ్చిన హంఫ్రీ డేవీ

భూకంపం, తుఫాను ప్రకృతి వైపరీత్యాలని పిల్లలు సులువుగానే చెబుతారు. మరి గనిలో పేలుడు జరిగితే? అలాంటి ప్రమాదాల వెనుక ఉన్న సైన్స్‌ను పిల్లలకు చెప్పడానికి సర్ హంఫ్రీ డేవీ జీవితం చక్కని ఉదాహరణ.

డేవీ 1778లో ఇంగ్లండ్‌లోని పెంజాన్స్‌లో జన్మించారు. తండ్రి చెక్కపై నగిషీలు చెక్కేవారు. డేవీకి పదహారేళ్లు వచ్చేసరికే ఆయన చనిపోయారు. కుటుంబానికి అప్పులు మిగిలాయి. డేవీ ఒక వైద్యుడి దగ్గర పనికి చేరి, పుస్తకాలు చదువుతూ సొంతంగా రసాయన శాస్త్రం నేర్చుకున్నారు. 1807లో విద్యుత్తు సాయంతో పొటాషియం, సోడియం లోహాలను వేరుచేసి ప్రసిద్ధులయ్యారు.

1812 మే 25న ఉత్తర ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ బొగ్గుగని పేలి 92 మంది మరణించారు. వారిలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. బొగ్గు పొరల్లో చిక్కుకుని ఉండే మీథేన్ వాయువు తవ్వుతున్నకొద్దీ బయటికి వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు. గాలిలో దాదాపు 5 నుంచి 15 శాతం కలిసిందంటే చిన్న మంట తగిలినా పేలుతుంది. ఆ రోజుల్లో కార్మికులు వెలుగు కోసం గనిలోకి తీసుకెళ్లేది కొవ్వొత్తులే!

1815లో డేవీ ఆ ప్రాంతానికి వెళ్లి గని వాయువును తెప్పించుకుని పరీక్షించారు. మంట చుట్టూ సన్నని లోహపు జాలీ అమర్చితే, దాని వేడిని లోహం లాగేసుకుంటుంది. జాలీ బయట ఉన్న వాయువు అంటుకునేంత వేడెక్కదు. ఈ సూత్రంతోనే డేవీ దీపం తయారైంది. వాయువు పెరిగితే లోపలి మంట రూపం మారి ముందే హెచ్చరించేది కూడా. ఆయన దానికి పేటెంట్ తీసుకోలేదు.

అయినా పేలుళ్లు ఆగలేదు. దీపం ఉందన్న ధైర్యంతో యజమానులు అంతకుముందు ప్రమాదకరమని వదిలేసిన చోట్లకూ కార్మికులను పంపారు. చిరిగిన జాలీ, బలంగా వీచే గాలి మంటను బయటికి రానిచ్చేవి. గనిలోకి మంచి గాలి ఆడేలా చూడటం, పరికరాలను రోజూ తనిఖీ చేయడం మనుషులే చేయాల్సిన పనులు. అవి చేయకపోతే ఏ పరికరమూ కాపాడలేదు.

1829లో జెనీవాలో డేవీ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 50 ఏళ్లు.

ఈ నెల మీ పిల్లలతో ఇలా చేయండి: గోరువెచ్చని నీళ్లలో ఒక స్టీలు చెంచా, ఒక చెక్క గరిటె ఉంచి, ఏది త్వరగా వేడెక్కుతుందో చూడమనండి. తర్వాత రెండు ప్రశ్నలు అడగండి. వంట గ్యాస్‌కు కావాలనే వాసన ఎందుకు కలుపుతారు? ఆ వాసన వచ్చినప్పుడు లైటు స్విచ్ ఎందుకు వేయకూడదు? జవాబులు వాళ్లనే ఆలోచించనివ్వండి. ఆ తర్వాత ఇంట్లో అందరూ కలిసి రెగ్యులేటర్ కట్టేయడం, కిటికీలు తెరవడం ఒకసారి సాధన చేయండి.