ఆచార్య నాగార్జునుడు

నాగార్జునకొండను చూడబోయినవారు రాళ్లను బంగారము చేసిన సిద్ధుని కథ వినకుండ పల్నాటినుండి తిరిగిరారు. ఆ కథయే ఆచార్యుని అసలు కీర్తిని కప్పివేసినదని మాకు తోచుచున్నది.

ఆచార్యుడు క్రీస్తుశకము 2, 3 శతాబ్దులనాటివాడు. దాక్షిణాత్య బ్రాహ్మణుడని కుమారజీవుని పేర చీనాభాషలో నిలిచిన చరిత్ర చెప్పుచున్నది. యౌవనమున మువ్వురు మిత్రులతో అదృశ్యాంజనము ధరించి రాజాంతఃపురము చొచ్చెననియు, నేలపై చల్లిన సన్నని ధూళిలో అడుగుజాడలు బయటపడగా మిత్రులు కత్తులపాలైరనియు, తాను రాజు చెంతనే నిలిచి బ్రదికెననియు, కామమే దుఃఖమూలమని అప్పుడు తెలిసి భిక్షువయ్యెననియు అందు కలదు. నాగలోకమునుండి మహాయానసూత్రములు తెచ్చెనట! కథల కేమి గాని, మూలమధ్యమకకారికలు మన యెదుట నున్నవి. ప్రతి వస్తువును ఇతరముల నాశ్రయించియే పుట్టుచున్నది గనుక దేనికిని స్వభావము లేదనుట అందలి సిద్ధాంతము. శూన్యత యనగా నిదియే. ఆ శూన్యతనే మరియొక మతముగా పట్టుకొనువాని కిక మందు లేదని కూడ ఆయన హెచ్చరించెను.

ఈజిప్టున జన్మించి అలెగ్జాండ్రియాలో చదివిన ప్లొటీనసు పారసీక భారత తత్త్వములు నేర్వగోరి 243లో గోర్డియను చక్రవర్తి దండుతో తూర్పునకు బయలుదేరెను. చక్రవర్తి మరణింపగా దారిమధ్యమునుండియే మరలెను. ఆ శతాబ్దిననే కృష్ణాతీరమున విజయపురినుండి ఇక్ష్వాకులు ఏలిరి. అచ్చట రోమను నాణెములు దొరకినవి. వర్తకుని బంగారము చేరినచోటికి తత్త్వవేత్త చేరలేకపోయెను. ఉభయుల సిద్ధాంత మొక్కటే యనువారు తొందరపడుచున్నారు. ప్లొటీనసుని 'ఏకము' సర్వమునకును మూలము. నాగార్జునుడు అట్టి మూలమును దేనిని మిగులనీయలేదు.

ఈజిప్టులో హెర్మీసు పేర ఎందరివో గ్రంథములు చేరినవి. అవి యనుకొన్నంత ప్రాచీనములు కావని 1614లో కసాబను పండితుడు భాషనుబట్టి తేల్చెను. నాగార్జునుని పేర రసవాదగ్రంథములు చేరుటయు నట్టిదే. రసవాది నాగార్జునుడు తనకు సుమారు నూరేండ్ల ముందువాడని 11వ శతాబ్దిలో అల్బెరూని వ్రాసెను. ఇరువురిని ఒక్కరిగా నెంచుట మాకు సమ్మతము కాదు.

కొండ మాట యేమి? 1926లో బయల్పడిన ఆ లోయలోని శాసనములు శ్రీపర్వతమును, విజయపురిని పేర్కొనును గాని ఆచార్యుని పేరెత్తవు. శ్రీపర్వత ధాన్యకటకములతో ఆయనకు సంబంధము చెప్పునది టిబెట్టు సంప్రదాయము. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరపు నీటిలో ఆ లోయ మునిగినది, కొండ ద్వీపమైనది.

అభిమానులు శాసనము లేదని చిన్నబోవలదు. రాజునకు ఉపదేశముగా వ్రాసిన రత్నావళి చాలదా? పంట చెడిన కర్షకునకు విత్తనములును, గ్రాసమును ఇమ్మనెను, పన్ను తగ్గింపుమనెను. ఖైదీలకు క్షురకుడు, స్నానము, అన్నపానములు, ఔషధము, వస్త్రము సమకూర్పుమనెను. చెరసాల యెరిగినవారికి ఈ పట్టిక విలువ తెలియును. తెగులు తగిలి ప్రత్తిచేను, మిరపచేను పోగొట్టుకొన్న గుంటూరు రైతునకు మొదటి మాట విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ గ్రంథపు సంస్కృతమూలమున కొన్ని భాగములు మాత్రము 1934, 1936లలో టూచీ పండితుడు ప్రకటించెను. విత్తనముల మాట గల పరిచ్ఛేదము చిరకాలము టిబెట్టు, చీనా అనువాదములలోనే నిలిచినది.