కన్నంబాడి ఆనకట్ట

మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులది ఆంధ్రదేశంలోని మోక్షగుండం గ్రామం. ఆయన మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్ళిలో జన్మించారు. 1908 మూసీ వరదల అనంతరం హైదరాబాదుకు రక్షణ పథకాన్ని రూపొందించి, 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరు అయ్యారు.

కన్నంబాడి వద్ద కావేరిపై జలాశయం నిర్మించి, శివసముద్రం విద్యుత్కేంద్రానికి వేసవిలోనూ నీరివ్వాలని, మండ్య ప్రాంతపు మెట్టపొలాలను తడపాలని ఆయన సంకల్పించారు. అయితే కావేరి మైసూరుతో ఆగదు. దిగువన, బ్రిటిష్ పాలనలోని మద్రాసు రాజధానిలో, తంజావూరు రైతులు శతాబ్దాలుగా ఆ నీటితోనే వరి పండిస్తున్నారు. ఎగువన నీటిని నిలిపివేస్తే తమ నారుమళ్ళకు అదనుకు నీరందదన్న వారి భయం అకారణమైనది కాదు. కొత్త జలాశయానికి మద్రాసు సమ్మతి అవసరమని 1892 నాటి ఒడంబడిక చెబుతున్నది. మద్రాసు అభ్యంతరం తెలిపింది.

చివరకు 11 టి.ఎం.సి.ల జలాశయానికే అనుమతి లభించి, 1911లో పని మొదలైంది. విశ్వేశ్వరయ్య మాత్రం పునాదిని తాను తలపెట్టిన పెద్ద ఆనకట్టకు సరిపడేంత వెడల్పుగా వేయించారు. అది సాహసమే, దిగువవారి అనుమానాన్ని పెంచిన సాహసం కూడా. 1912లో ఆయన దివాను అయ్యారు. 1914లో మధ్యవర్తి తీర్పు వెలువడినా మద్రాసు దానిని అంగీకరించలేదు.

1918లో ఆయన పదవిని వీడారు. వివాదం మరి ఆరేళ్ళు సాగింది. 1924 ఒప్పందంతో సుమారు 45 టి.ఎం.సి.ల జలాశయానికి మార్గం సుగమమైంది. దిగువకు విడువవలసిన నీటికీ నియమాలు ఏర్పడ్డాయి.