అయ్యగారి సాంబశివరావు

ఎ.ఎస్.రావుగా ప్రసిద్ధుడైన అయ్యగారి సాంబశివరావు (సెప్టెంబరు 20, 1914 - అక్టోబరు 31, 2003) ప్రముఖ భారతీయ శాస్త్రవేత్త, ఎలక్ట్రానిక్స్ నిపుణుడు, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్.) వ్యవస్థాపకుడు. అణు రియాక్టర్లకు కావలసిన పరికరాలతో మొదలుపెట్టి, కంప్యూటర్లను స్వదేశంలోనే తయారుచేసే ప్రయత్నానికి పునాది వేసినవారిలో ఆయన ముఖ్యుడు. ఒకరి యంత్రంపై మరొకరు ఎంతవరకు ఆధారపడవచ్చుననే ప్రశ్న క్లౌడ్ కంప్యూటింగ్ రాకతో మళ్ళీ తలెత్తినందున, ఆయన కృషిలోని ఈ భాగం నేటి విద్యార్థులకు కూడా తెలియదగినది.

జననం, విద్య

సాంబశివరావు నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో జన్మించాడు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. పూర్తిచేసి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు అభ్యసించాడు. స్వదేశానికి తిరిగివచ్చి హోమీ భాభా నాయకత్వంలోని అణుశక్తి బృందంలో చేరాడు.

ట్రాంబేలో

ఆసియాలోనే మొదటి అణు రియాక్టరు అప్సర 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పనిచేయడం ప్రారంభించింది. దాని ఇంధనం బ్రిటను నుండి వచ్చింది. అయితే రియాక్టరును అదుపుచేసే ఎలక్ట్రానిక్ పరికరాలను రావు బృందం ఇక్కడే రూపొందించింది. రియాక్టరులో న్యూట్రాన్ల సంఖ్య ఎంత వేగంగా పెరుగుతున్నదో క్షణక్షణం కొలవాలి; హద్దు దాటిన వెంటనే నియంత్రణ కడ్డీలు లోపలికి దిగాలి. ఇటువంటి పరికరం పాడైతే విదేశం నుండి నిపుణుడు వచ్చేవరకు వేచి ఉండడం కుదరదు. తయారుచేసిన వారు దగ్గర ఉంటే మరమ్మతు చేసేవారు కూడా దగ్గర ఉన్నట్లే. ఈ అనుభవమే ఆయన తరువాతి కృషికంతటికీ మూలమని భావించవచ్చు.

1962 చైనా యుద్ధం తరువాత దేశంలో ఎలక్ట్రానిక్స్ స్థితిగతులను పరిశీలించడానికి ప్రభుత్వం 1963లో భాభా అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. విక్రమ్ సారాభాయి, సూరి భగవంతం, ఎ.ఎస్.రావు ఇందులో సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు కావడం విశేషం. భాభా 1966 జనవరిలో విమాన ప్రమాదంలో మరణించగా, ఆ తరువాత వెలువడిన నివేదిక దేశం ఎలక్ట్రానిక్స్‌లో స్వయంసమృద్ధి సాధించాలని సూచించింది.

అద్దె యంత్రాల కాలం

అప్పటి కంప్యూటర్ల పరిస్థితి తెలియనిదే రావు కృషి అర్థం కాదు. ఐ.బి.ఎం. సంస్థ తన యంత్రాలను మన దేశంలో ఎక్కువగా అద్దెకే ఇచ్చేది. వాటిలో ఇతర దేశాలలో పాతబడిన 1401 రకం యంత్రాలు చాలా ఉండేవి. అద్దె చెల్లించేది మనం, యంత్రం వారిది, దాన్ని బాగుచేసేవారూ వారే. మరొకవైపు, 1964లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు సి.డి.సి. 3600 అనే పెద్ద కంప్యూటరు వచ్చింది. ఇతర సంస్థలవారు కూడా తమ లెక్కలను పంచ్ కార్డులపై ఎక్కించి అక్కడ చేయించుకునేవారు. ఎక్కడో ఉన్న యంత్రంపై మన పని జరగడమనే పద్ధతి నిన్న మొన్నటిది కాదన్నమాట.

ఇ.సి.ఐ.ఎల్. స్థాపన

1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద ఇ.సి.ఐ.ఎల్. హైదరాబాదులో ఏర్పడింది. రావు దాని నిర్మాత. ట్రాంబేలో 1969లో రూపొందిన టి.డి.సి.-12 కంప్యూటరును ఈ సంస్థ తయారీకి తీసుకున్నది. టి.డి.సి. అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 1970ల మధ్యనాటికి టి.డి.సి.-312, టి.డి.సి.-316 వెలువడ్డాయి. 1974 పోఖ్రాన్ అణు పరీక్ష తరువాత కెనడా రాజస్థాన్ అణు విద్యుత్కేంద్రానికి సహాయం ఆపివేసింది. అణు విద్యుత్కేంద్రాలకు కావలసిన నియంత్రణ పరికరాలు అందించే స్వదేశీ సంస్థ ఉండడం ఎంత అవసరమో అప్పుడు తేటతెల్లమైంది. 1978లో, విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం వాటా తగ్గించుకోవడానికి అంగీకరించక ఐ.బి.ఎం. దేశం విడిచి వెళ్ళింది.

విమర్శలు కూడా లేకపోలేదు. ఇ.సి.ఐ.ఎల్. కంప్యూటర్లు ఖరీదైనవని, సాంకేతికంగా వెనుకబడినవని, దాదాపు ఒకే ప్రభుత్వ సంస్థ చేతిలో తయారీ ఉండడం వల్ల కొనుగోలుదారుకు మరో దారి లేకపోయిందని పలువురు ఆక్షేపించారు. ఇందులో నిజం ఉంది. 1970ల చివర చిన్న కంప్యూటర్ల తయారీకి ప్రైవేటు సంస్థలను అనుమతించవలసి వచ్చింది. విదేశీయుడైనా స్వదేశీయుడైనా, ఒక్కరిపైనే ఆధారపడితే వచ్చే చిక్కు ఒకటే.

నేటి సందర్భం

క్లౌడ్ అంటే మేఘం అని అర్థమైనా, వాస్తవానికి అది నేలపైనే ఉన్న డేటా సెంటర్లలోని వేరొకరి కంప్యూటర్ల సముదాయం. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే విద్యార్థి తన నోట్సును ఫోను ద్వారా దాచుకున్నప్పుడు అది చేరేది అటువంటి చోటికే. యంత్రం కొనే భారం లేదు, ఫోను పోయినా నోట్సు పోదు. ఈ సౌకర్యం చిన్నది కాదు. కాని ఖాతా తెరుచుకోకపోతే నోట్సు ఉండీ లేనట్లే. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య ఆంక్షల అనంతరం మైక్రోసాఫ్ట్ తన సేవలను నిలిపివేయడంతో, డబ్బు చెల్లించి వాడుకుంటున్న నయారా ఎనర్జీ అనే భారతీయ చమురు సంస్థకు ఈమెయిలు కూడా అందకుండా పోయింది. ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. కొద్ది రోజులకు సేవలు పునరుద్ధరింపబడ్డాయి.

సొంత యంత్రమైనంత మాత్రాన భద్రత కలగదు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వ డేటా సెంటరులో మంటలు చెలరేగి, ఉద్యోగులు దాచుకున్న 858 టెరాబైట్ల సమాచారం నశించింది. దానికి మరొకచోట నకలు లేదు. ఇందుకు భిన్నంగా, 2024 మేలో ఆస్ట్రేలియాకు చెందిన యూనిసూపర్ పింఛను నిధి ఖాతా గూగుల్ క్లౌడ్‌లో పొరపాటున తొలగింపబడినప్పుడు, వేరొక సంస్థ వద్ద ఉంచిన నకలు కూడా అక్కరకు వచ్చి సేవలను తిరిగి నిలబెట్టగలిగారు.

పురస్కారాలు, స్మరణ

రావుకు 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ లభించాయి. ఇ.సి.ఐ.ఎల్. తదనంతర కాలంలో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థతో పాటు ఎన్నికల సంఘానికి ఓటింగు యంత్రాలను తయారుచేసింది. ఇవి ఏ నెట్‌వర్కుకూ అనుసంధానం కాకుండా విడివిడిగా పనిచేస్తాయి. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాకు సమీపంలోని ఎ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీదనే వెలసింది.