అలసటను కొలిచిన ఆచార్యురాలు లిలియన్ గిల్‌బ్రెత్

పని ఎంత జరిగిందో లెక్కించేవారు లోకంలో ఎందరో ఉన్నారు. ఆ పనిలో మనిషి ఎంత అలసిపోయాడో లెక్కించినవారు అరుదు. అమెరికాకు చెందిన ఇంజనీరింగు ఆచార్యురాలు లిలియన్ గిల్‌బ్రెత్ అట్టి అరుదైనవారిలో ఒకరు.

ఆమె 1878 మే 24న కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో జన్మించారు. సాహిత్యం అభ్యసించి, 1904లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌ను వివాహమాడారు. తాపీపనితో జీవితం ఆరంభించిన ఆయన భవన నిర్మాణంలో గుత్తేదారుగా ఎదిగారు. ఒక్క ఇటుక పేర్చడానికి మేస్త్రి 18 కదలికలు చేస్తున్నాడనీ, ఇటుక కోసం ప్రతిసారీ కిందికి వంగుతున్నాడనీ ఆయన గమనించారు. ఇటుకలు నడుము ఎత్తున అందేలా పరంజా అమర్చగా కదలికలు నాలుగైదుకు తగ్గాయి. గంటకు 120 ఇటుకలు పేర్చేచోట 350 పేర్చగలిగారు.

ఆ రోజుల్లో ఫ్రెడరిక్ టేలర్ అనుయాయులు గడియారం పట్టుకొని కార్మికుల వేగాన్ని కొలిచేవారు. పని మరింత పిండుకోవడానికే ఈ కొలతలని కార్మికులు భయపడ్డారు. 1911లో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో సమ్మె కూడా జరిగింది. గిల్‌బ్రెత్ దంపతులు వేరొక దారి పట్టారు. కార్మికుని చేతి కదలికలను చలనచిత్రంగా తీసి, వెతకడం, పట్టుకోవడం, మోయడం వంటి సూక్ష్మాంశాలుగా విడదీసి, వ్యర్థమైనవాటిని తొలగించారు. 1915లో బ్రౌన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందిన లిలియన్ ఈ విద్యకు మనస్తత్వశాస్త్రాన్ని జోడించారు. అలసటపై దంపతులు రచించిన గ్రంథం 1916లో వెలువడింది. తగిన కుర్చీ, చాలినంత వెలుతురు, నడుమ విశ్రాంతి ఉండాలని వారు వాదించారు. యుద్ధంలో అవయవాలు కోల్పోయిన సైనికులు తిరిగి పనిచేసుకొనే మార్గాలనూ శోధించారు.

1924 జూన్‌లో ఫ్రాంక్ ఆకస్మికంగా మరణించారు. పదకొండుమంది పిల్లల పోషణభారం ఆమెపై పడింది. స్త్రీకి కర్మాగారం పని అప్పగించడానికి కొందరు యజమానులు వెనుకాడారు. ఆమె అధైర్యపడలేదు. కొద్దిరోజులకే ఓడ ఎక్కి, భర్త పాల్గొనవలసిన ఐరోపా సభలకు ఆయన స్థానంలో వెళ్లారు. తిరిగివచ్చి ఇంటివద్దనే శిక్షణ తరగతులు నడిపారు. తరువాత తన కొలతలను వంటింటికి తీసుకువచ్చారు. పొయ్యి, తొట్టి ఎంత ఎత్తున ఉంటే నడుము నొప్పి పుట్టదో తెలుసుకోవడానికి నాలుగువేలమందికి పైగా స్త్రీలను విచారించారు.

1935లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయ ఇంజనీరింగు విభాగంలో తొలి మహిళా ఆచార్యులై, 1948 వరకు బోధించారు. 1965లో అమెరికా జాతీయ ఇంజనీరింగు అకాడమీకి ఎన్నికైన తొలి మహిళ కూడా ఆమెయే. 1972 జనవరి 2న తన 93వ ఏట కన్నుమూశారు.

వంటగట్టు ఎత్తు వండేవారికి తగినట్లు ఉండాలన్నది నేడు మన ఊరి మేస్త్రికీ తెలిసిన మాటే. దానిని లెక్కకట్టి చూపినవారిలో ఆమె ముందువరుసలో ఉన్నారు.