భాయి లఖీ షా వంజారా

1675 నవంబరు 11న ఢిల్లీ చాందినీ చౌక్‌లో, ఔరంగజేబు కాలంలో, శ్రీ గురు తేగ్ బహాదుర్ సాహిబ్ జీ పరుల ధర్మం కోసం శిరస్సు ఇచ్చారు. గురుదేహాన్ని తాకితే ప్రాణగండమని తెలిసి చాలామంది వెనక్కి తగ్గారు. మనం చంపలేదు కదా, మనకెందుకులే అనుకుంటే భాయి లఖీ షా గారికీ సరిపోయేది. ఎడ్లబండ్లపై సరుకు తోలే ఆ వర్తకుడు అలా అనుకోలేదు. దేహాన్ని బండిలో దాచి రైసీనా గ్రామంలోని తన ఇంటికి చేర్చారు. బయట చితి పేరిస్తే పట్టుబడతారు. అందుకే సొంత ఇంటికే నిప్పుపెట్టి అంత్యక్రియలు జరిపారు. ఆ చోటే నేటి గురుద్వారా రకాబ్ గంజ్ సాహిబ్. చెడు చేయకపోతే చాలదు. చేయగలిగిన మంచిని మానుకోవడమూ దోషమే. ఇల్లు కాలింది, ధర్మం నిలిచింది.