రైతుబిడ్డల కోసం బడి పెట్టిన క్రిస్టెన్ కోల్డ్

విత్తనాలు, ఎరువుల గురించి ఎప్పుడూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి ఒక బడిపంతులు గురించి చదవండి. డెన్మార్క్ దేశం పాలకు, వెన్నకు పేరు పొందిందని మీరు వినే ఉంటారు. ఆ దేశంలో ఒడెన్స్ నగరం పక్కన దాలుమ్ అనే చిన్న ఊరు ఉండేది. ఇప్పుడది నగరంలో కలిసిపోయింది. ఆ ఊళ్లో రైతుబిడ్డలకు బడి నడిపినవారే క్రిస్టెన్ కోల్డ్.

ఆయన 1816లో టిస్టెడ్ పట్టణంలో చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టారు. పంతులుగా శిక్షణ పొందారు గానీ, పిల్లల చేత పాఠాలు బట్టీ పట్టించడం ఆయనకు గిట్టలేదు. ఆ పట్టుదల పెద్దలకు నచ్చలేదు. 1842లో ఒక మత ప్రచారకుడి వెంట టర్కీలోని స్మిర్నా రేవుకు వెళ్లి, అక్కడ పుస్తకాలకు అట్టలు కట్టి బతికారు. 1847లో తిరుగు ప్రయాణంలో ట్రియెస్టే రేవులో ఓడ దిగి, సామాను బండిలో వేసి తానే లాక్కుంటూ సొంతూరికి నడిచారు. మధ్యలో ఉన్నవి ఆల్ప్స్ కొండలు, మొత్తం జర్మనీ!

1851లో రిస్లింగే గ్రామంలో బడి తెరిచారు. మొదటి చలికాలం వచ్చినవాళ్లు 15 మంది. పద్నాలుగేళ్ల పిల్లలైతే చెప్పినట్టు వింటారని ఆయన మొదట అనుకున్నారు. పద్దెనిమిది దాటినవాళ్లే మేలన్న మాట కూడా వచ్చింది. తీరా చూస్తే పొలం పని చేసి వచ్చిన పెద్ద కుర్రాళ్లకే విషయం బాగా ఎక్కింది. కోల్డ్ తన అభిప్రాయం మార్చుకున్నారు.

ఆ బడిలో పరీక్షలు లేవు, సర్టిఫికెట్లు లేవు. ఫీజు తక్కువ, తిండి సాదా. పంతులు కూడా కుర్రాళ్లతో పాటు అటక మీదే పడుకునేవారు. పాఠం మాటల్లోనే సాగేది. 1862లో బడి దాలుమ్ చేరింది. మరుసటి వేసవి నుంచి ఆడపిల్లలకూ నడిపారు. 1870లో, 54 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

తర్వాత అమెరికా ధాన్యం వచ్చిపడి డెన్మార్క్‌లో గింజల ధరలు కూలాయి. రైతులు పాడి వైపు తిరిగారు. 1882లో హ్యెడ్డింగ్ గ్రామంలో తొలి సహకార పాల కేంద్రం వెలిసింది. ఎన్ని ఆవులున్నా మనిషికి ఒకే ఓటు, పోసిన పాలను బట్టి డబ్బు. ఇదంతా కోల్డ్ బడి వల్లే అని నేను అనను. ధరల దెబ్బ, మీగడ తీసే యంత్రం కూడా కారణాలే. కానీ నలుగురిలో లేచి అడగడం అలవాటైన రైతులు లేకపోతే సొసైటీ నడవదు.

నా సంగతి చెబుతాను. ఎన్నో రైతు సదస్సుల్లో మైకు పట్టుకుని ఎరువుల మోతాదులు చదివి వచ్చేశాను. అందరూ తలలూపారు. పొలంలో ఎవరూ వేయలేదు. తప్పు రైతుది కాదు.

కోల్డ్ బడికి చలికాలం ఎలాగో, మనకు రబీ కోతలయ్యాక ఏప్రిల్, మే నెలలు అలా. మీ ఊళ్లో పొలంబడి పెడితే వెనక వరుసలో కూర్చోకండి. తెగులు తగిలిన మొక్కనో, భూసార పరీక్ష కార్డునో, పాల కేంద్రం చీటీనో వెంట తెచ్చి అధికారి ముందు పెట్టండి. వెన్న శాతం ఎలా కట్టారో అడగండి. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. పశువుల పని చూసే ఇంటి ఆడవాళ్లను తప్పక తీసుకురండి.