బెంజమిన్ ఫ్రాంక్లిను – రెండు చూపుల కండ్లజోడు

మన అనంతపురము మెట్టపొలములలో 40 ఏండ్లు దాటిన రైతు, ఆకసమున మేఘము తోచెనా యని దూరమునకు చక్కగా చూడగలడు. చేతనున్న మందుసీసాపై చీటీని మాత్రము చదువలేడు. వయస్సుతో కంటిలోని కటకము బిరుసెక్కుటచే కలుగు నీ లోపమునే పెద్దలు చత్వారమందురు. ఈ యిక్కట్టును తన బుద్ధిబలముచే తీర్చుకొనిన మహనీయుడు బెంజమిన్ ఫ్రాంక్లిను.

ఈయన 1706 వ సంవత్సరము జనవరి 17 వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున జన్మించెను. తండ్రి క్రొవ్వొత్తులును సబ్బులును చేసి యమ్మెడివాడు. అతని 17 మంది బిడ్డలలో ఈయన 15 వ వాడు. బడిచదువు రెండేండ్లకు మించి సాగలేదు. 12 వ యేట అన్నగారి అచ్చుకూటమున పనికి చేరి, దొరికిన గ్రంథమునెల్ల చదివెను. 1723 లో ఫిలడెల్ఫియా నగరము చేరి, కాలక్రమమున స్వంత ముద్రాలయమును స్థాపించెను. 1731 లో మిత్రులతో గూడి చందాలతో నొక గ్రంథాలయమును నెలకొల్పెను. పిదప మేడలను పిడుగుపాటునుండి కాపాడు లోహపుకడ్డీని కల్పించెను.

1776 లో స్వదేశమునకు సాయము గోరి ఫ్రాన్సు దేశమునకు రాయబారిగా నేగునప్పటికి ఆయనకు 70 ఏండ్లు. దూరమునకొకటి, చదువుటకొకటిగా రెండు జోళ్లను వెంటనుంచుకొని, ప్రయాణములలో మాటిమాటికి మార్చుకొనవలసి వచ్చుచుండెను. అందుచే రెండు విధముల యద్దములను కోయించి, సగము సగము చేర్చి, యొకే చట్రమున పొదిగించెను. పైభాగము దూరమునకు, క్రిందిభాగము దగ్గరకు. 1785 లో మిత్రుడగు జార్జి వాట్లీకి వ్రాసిన జాబులో దీనిని వివరించెను. విందులో పళ్లెములోని పదార్థమును, మాటలాడువారి ముఖమును గూడ చూడగలుగుటచే ఫ్రెంచిభాష సులువుగా బోధపడెనట. నేడు బైఫోకల్ అనబడు జోడునకు ఈయనయే మూలపురుషుడని పలువురు చెప్పుదురు. తన కల్పనలకు దేనికిని ప్రత్యేకహక్కు కోరని యీ యుదారుడు 1790 ఏప్రిల్ 17 న పరలోకగతుడాయెను.

కండ్లజోడును వయస్సునుబట్టియే గాక, చేయుపని కంటికెంత దూరమున నున్నదో దానినిబట్టియు నెన్నుకొనవలెనని యీ చరిత్రము బోధించుచున్నది. పుస్తకమును సుమారు 40 సెంటీమీటర్ల దూరమున పట్టుదుము. కంప్యూటరు తెర 50 మొదలు 70 సెంటీమీటర్ల దూరమున నుండును. చదువుజోడుతో ఆ తెర మసకగా తోచవచ్చును. బైఫోకల్ జోడు ధరించినవారు క్రిందిభాగమునుండి తెరను చూచుటకై గడ్డమెత్తి యెత్తి మెడనొప్పి తెచ్చుకొందురు. అట్టివారికి నడిమిదూరపు అద్దములు వేరుగా కలవు. ధర్మవరపు నేతగాని మగ్గమునకును, దర్జీ కుట్టునకును ఇదే న్యాయము. కావున కంటివైద్యుని కడకు పోవునపుడు, కంటినుండి పనికి గల దూరమును దారముతో కొలిచి తీసికొనిపోవుట మేలు.

విద్యార్థులారా! మీ తల్లిగాని తండ్రిగాని సూదిలో దార మెక్కించుటకు మిమ్ము పిలుచుచున్నచో విసుగుకొనకుడు. ఆ దారముతోనే దూరమును కొలిచి, వారిని వైద్యుని కడకు తోడుకొని పొండు. తగిన జోడు దొరకిన యెడల, చూపు తగ్గెనని చేతిపనిని విడిచి కూర్చున్న పెద్దలు మరల తమ పనిని తాము చేసికొందురు.